ఇక్కడ కాదు, ముందుకి

మా బాబాయి ఎవర్నీ ఎక్కడా తిననివ్వడు.

పిసినారి అనుకునేరు. కాదు. తినిపించడానికే బయటికి తీసుకెళ్తాడు. చెప్పులు వేసుకుంటూనే ఊరించడం మొదలుపెడతాడు. ఊళ్లో ఏ బండి మీద ఏం వేగుతుందో, ఏ మూల ఏం కాలుతుందో, ఏ పొయ్యి మీద మూత ఎప్పుడు తీస్తారో పూసగుచ్చినట్టు చెబుతాడు. వినేవాళ్లకి నోట్లో నీళ్లూరతాయి. తీరా బండి ముందు నిలబడి చెయ్యి చాపేసరికి ఆ చేతిని మెల్లిగా కిందికి దించుతాడు.

"ఇక్కడ కాదు. ముందుకి పదండి."

ఆయన సర్వీసంతా సిటీ బస్సులో కండక్టరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ జనాన్ని ముందుకి జరిపాడు. రిటైరయ్యాక ఆ అలవాటుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వీధిలోకి తెచ్చుకున్నాడని మేమంతా అనుకునేవాళ్లం. గొంతు కూడా అలాగే ఉండిపోయింది. బస్సు లేకపోయినా బస్సంత ఉంటుంది. ఇంట్లో ఉప్పు అందుకోమంటే వీధిలో ఇద్దరు ఆగి చూస్తారు.

నాకు మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి వాళ్లింటికి చేరిన రోజు బాగా గుర్తు. ప్రయాణంలో ఏమీ తినలేదు. పిన్ని ఆప్యాయంగా మంచినీళ్లిచ్చింది.

"ఆకలేస్తోంది పిన్నీ."

"మంచిదేరా. బాబాయితో వెళ్లు. బయట తిందువుగాని."

"ఈలోగా ఏమైనా..."

"ఏమీ లేవు."

ఆవిడ వెనకాల అల్మరాలో బిస్కెట్ల డబ్బా ఉంది. నేను దాన్ని చూడడం ఆవిడ చూసింది. చెయ్యి వెనక్కి పెట్టి మూత గట్టిగా నొక్కింది. ఆ చప్పుడు తర్వాత చాలా సాయంత్రాలు విన్నాను.

మొదటి బండి మొక్కజొన్నది. పొత్తులు నిప్పుల మీద చిటపటలాడుతున్నాయి.

"ఇక్కడ కాదు."

"ఏం బాబాయ్, బాగుండవా?"

"బంగారంలా ఉంటాయి. కానీ పళ్లలో ఇరుక్కుంటాయి. ఆ తర్వాత ఏం తిన్నా మొక్కజొన్నే తిన్నట్టుంటుంది."

పోస్టాఫీసు మూల మీద చేపలు వేగుతున్నాయి. ఆ వాసనకి నా కాళ్లు వాటంతట అవే ఆగాయి.

"ఇక్కడ కాదు. చేప మంచిది, నూనె మంచిది. వేయించేవాడికి ఇవాళ మనసు బాగాలేదు."

"నవ్వుతున్నాడుగా!"

"అదే మరి. లోపల పెట్టుకుని నవ్వుతున్నాడు."

సినిమా హాలు దగ్గర ఉడికించిన వేరుశనగకాయలు. ఆట వదిలితే జనం తొక్కేస్తారన్నాడు. ఆట ఇప్పుడే మొదలైందని గేటు మనిషి చెప్పాడు. అయితే వదిలేసరికి కాయలు చల్లారిపోతాయన్నాడు. ఈ రెండు మాటలకీ ఏమిటి సంబంధమని అడిగే ఓపిక అప్పటికే నాలో లేదు.

వంతెన దిగగానే సూపు బండి.

"సూపు కూర్చుని తాగాలిరా."

"బెంచీ ఉంది."

"ఊగుతుంది."

సూపు బండివాడు గరిటె పట్టుకుని రోడ్డు మీదికే వచ్చేశాడు. "కండక్టరు గారూ! రోజూ దాటిపోతారు. నా బండి ఏం పాపం చేసిందండీ?"

"నీ బండికేం, బ్రహ్మాండంగా ఉంటుంది. మాది ఎక్స్‌ప్రెస్. ఇక్కడ స్టాపు లేదు."

అలా ఊరు చివర పాత బస్ డిపో గోడ దాకా నడిచాం. అక్కడ వీధి ఆగిపోతుంది. దీపాలు కూడా అక్కడిదాకా వచ్చి, ఇంక చాల్లే అనుకున్నట్టుంటాయి. గోడకి ఆనుకుని ఒక తోపుడు బండి. పెనం ముందు ఒక ఆవిడ. ఆవిడ వెనక స్టూలు మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒక మనిషి.

బాబాయి దూరం నుంచే, బస్సు ఆపించేటప్పటిలా అరిచాడు. "హోల్డాన్!"

స్టూలు మీది మనిషి పక్కకి చెయ్యి చాపి, బండికి కట్టిన రబ్బరు హారన్ నొక్కాడు. పాం... పాం.

"ఇక్కడ," అన్నాడు బాబాయి.

అక్కడ దొరికేది ఒకటే. గుడ్డు రొట్టె. పెనం మీద గుడ్డు పోసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, మీద రొట్టె అద్ది, తిప్పి, మడిచి ఇస్తారు. నేను ఒకటి తిన్నాను. ఇంకోటి తిన్నాను. మూడోది తింటుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత కమ్మటి తిండి ఈ లోకంలో ఉందని నాకెవరూ ఎందుకు చెప్పలేదా అనుకున్నాను.

అందరికీ అదే అనుభవం. పిన్ని తమ్ముడు కొత్త బూట్లతో వచ్చాడు. వంతెన దాకా బూట్లు ఆయన్ని మోశాయి. అక్కడి నుంచి ఆయన బూట్లని మోశాడు. డిపో గోడ దగ్గర రొట్టె తిని, "అమ్మా, ఈ చేతులకి బంగారు కడియాలు తొడగాలి" అన్నాడు. పక్కింటి ప్లీడరు గారైతే బండి బండి దగ్గరా వాదించాడు. చేప దగ్గర నిలదీశాడు. వేరుశనగకాయల దగ్గర బతిమాలాడు. సూపు దగ్గర మాట పడిపోయింది. రొట్టె తిన్నాక గాని వాదించాల్సిన సంగతే గుర్తు రాలేదు. "ఏమన్నా అనండి కండక్టరు గారూ, తీర్పు మీదే" అని ఒప్పుకున్నాడు.

పిన్ని మాత్రం ఎప్పుడూ ఆయనతో వచ్చేది కాదు. ఆయన్ని ఆపేదీ కాదు. ఎవరైనా వచ్చి గుమ్మంలో కాలు పెడితే చాలు, "వెళ్లండి, వెళ్లండి, ఆయన మిమ్మల్ని తీసుకెళ్తారు" అని అటునుంచి అటే పంపేసేది. ఆయనకి షుగరు. రోజూ నడవమని డాక్టరు ఎప్పుడో చీటీ రాసిచ్చాడు. "జీతం తీసుకుని ఊరంతా తిరిగినవాణ్ణి. ఉత్తపుణ్యానికి ఎవడు నడుస్తాడు?" అని బాబాయి ఆ చీటీ మడిచి ఊగే కుర్చీ కాలి కింద పెట్టాడు. కుర్చీ ఊగడం మానేసింది. నడక విషయంలో డాక్టరు వల్ల జరిగిన మేలు అదొక్కటే.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఎవరికో ప్రమోషన్ వచ్చి అందరికీ విందు చేశారు. కడుపు పగిలేలా తిన్నాను. ఆ పూటే వీధి దీపాల పని మీద డిపో వైపు వెళ్లమన్నారు. ఆఫీసు సైకిలు మీద వెళ్లాను. ఇంతదూరం వచ్చి ఆ మహాతల్లి చేతి రొట్టె తినకుండా పోతే పాపం అనిపించి ఒకటి వెయ్యమన్నాను.

కొరికాను. ఆగాను. మళ్లీ చూశాను.

అట్ట. ఒకవైపు మాడిపోయింది. రెండోవైపు పచ్చి. ఉప్పంతా ఒకేచోట కాపురం పెట్టింది. గుడ్డు సైకిలు ట్యూబులా సాగుతోంది గాని తెగడం లేదు.

"బాగుందా బాబూ?" అని ఆవిడ అడిగింది. కళ్లల్లో నిజంగా తెలుసుకోవాలన్న ఆశ ఉంది. స్టూలు మీది మనిషి గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"బాగుందండీ," అన్నాను. ఆ మాట అనడం తేలిక, ముక్క మింగడమే కష్టం. రొట్టె జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి దాన్ని బాబాయి ముందు పెట్టాను. "ఇదేంటి?"

ఆయన రొట్టెని చూశాడు. నన్ను చూశాడు. "కడుపు నిండా తిని వెళ్లావా?"

"వెళ్లాను."

"ఎంత పని చేశావురా!"

తలుపు వేశాడు. గొంతు బాగా తగ్గించాడు. అంటే మూడో ఇంటికి వినపడదు.

స్టూలు మీది మనిషి ఆయన బస్సుకి డ్రైవరు. ఇద్దరూ ఒకే బస్సు మీద పనిచేశారు. డ్రైవరు కళ్లకి మసక కమ్మింది. ఒకరోజు తనే బస్సు పక్కకి ఆపి, తాళం తీసి బాబాయి చేతిలో పెట్టి దిగిపోయాడట. ఎవరికీ ఏమీ కాకముందే. ఆయన భార్య బట్టలు కుట్టేది. ఇంట్లో వంట డ్రైవరే చేసేవాడు. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక ఆవిడ కుట్టుపని పడిపోయింది. కళ్లు పోయాక ఆయన వంటా ఆగిపోయింది. దాంతో గరిటె ఎప్పుడూ పట్టని ఆవిడ బండి పెట్టింది.

"వాడి బ్రేకు మీద నమ్మకంతో నేను బస్సులో నిలబడి నిద్రపోయేవాణ్ణి," అన్నాడు బాబాయి. "ఊరికే సాయం చేస్తానంటే వాడు తీసుకోడు. జనాన్ని పంపిస్తే ఒకసారి తిని మళ్లీ ఆ ఛాయలకి రారు. అందుకని నడిపిస్తాను. ఆకలి రుచెరగదు. డిపో దాకా నడిచినవాడికి ఆ రొట్టె అమృతం."

"మరి ఆ మొక్కజొన్నా, చేపా, సూపూ?"

"అవన్నీ బాగుంటాయి. బాగున్నవాటికి నేనెందుకు?"

"నీకు మాత్రం ఆ రొట్టె ఎలా దిగుతుంది బాబాయ్?"

"నేనూ నడిచే వెళ్తున్నానుగా!"

ఆ తర్వాత నేను కడుపు నింపుకుని మళ్లీ అటు వెళ్లలేదు. ఆకలితోనే వెళ్లాను. ఆ రొట్టె ఎప్పుడూ అమృతంలాగే ఉంది. కాలం గడిచింది. డ్రైవరు గోడ వైపు తిరిగి కూర్చోవడం మానేసి పెనం వైపు తిరిగాడు. కూర్చుని తనలో తనే "రైట్... హోల్డాన్..." అనుకునేవాడు. "పాపం, మనసింకా బస్సులోనే ఉంది" అని బాబాయి నిట్టూర్చేవాడు.

అంతలో మా ఆఫీసు పుట్టి ముంచేలా ఒక పని పెట్టుకుంది.

మా ఇంటి మలుపులో ఖాళీ స్థలం ఉంది. అక్కడ పైకప్పు వేసి, కుళాయిలు పెట్టి, తిండి బళ్లన్నీ ఒకచోటికి చేరుస్తారట. చోటు కొన్నింటికే. చోటు దొరకని బండి ఇంక ఏ రోడ్డు మీదా నిలబడకూడదు. ఎవరికివ్వాలో మా ఆఫీసరు గారు స్వయంగా రుచి చూసి నిర్ణయిస్తారు. ఊళ్లో బళ్లన్నీ తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని ఆయన అడిగారు.

"మా బాబాయి ఉన్నాడు సార్," అన్నాను.

ఇంట్లో బాబాయి ఆ రాత్రంతా దారి ఆలోచించాడు. మామూలు దారి చాలదన్నాడు. మార్కెట్ చుట్టూ ఒకసారి, కాలవ గట్టు మీదుగా ఒకసారి తిప్పి, వంతెన ఎక్కించి దించి మళ్లీ ఎక్కించాలన్నాడు.

"పొద్దుట్నుంచి ఆయన్ని ఏమీ తిననివ్వకు."

"ఆయన నా ఆఫీసరు బాబాయ్. నేను ఆపేదేంటి?"

"పని చెప్పు. పని చేసేవాడికి తిండి గుర్తు రాదు."

"పని ఆయన నాకు చెప్తాడు."

"అదీ నిజమే," అని బాబాయి దిగులుపడ్డాడు.

మర్నాడు సాయంత్రం ఇంటి ముందు జీపు ఆగింది. ఆఫీసరు గారు దిగారు. పుల్లలా సన్నటి మనిషి. ఆ పుల్ల నోట్లో ఇంకో పుల్ల. పళ్లు కుట్టుకుంటున్నారు.

బాబాయి ఆ పుల్లని చూసి తడబడ్డాడు. "భోజనం... అయిందా సార్?"

"సుష్టుగా చేసే వచ్చాను. రుచి చూసేవాడు ఆకలితో వెళ్లకూడదండీ. అది అన్యాయం. ఆకలి రుచెరగదని మా అమ్మమ్మ అనేది."

బ్రేకులు ఫెయిలైన బస్సులో కండక్టరు మొహం ఎలా ఉంటుందో ఆవేళ చూశాను.

"పోనీ కాస్త అలా నడుచుకుంటూ..."

"నడకెందుకు? జీపుంది. ఎక్కండి."

ఎక్కాం. గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. ఆయన జీపెక్కడం చూసి ఆవిడ మొహం కూడా మాడిపోయింది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

జన్మలో మొదటిసారి బాబాయి మొక్కజొన్న బండి దగ్గర ఆగాడు. ఆఫీసరు గారు నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "మీరూ తినండి. ఒక్క నాలుక సాక్ష్యం చాలదు" అని మిగతా పొత్తు బాబాయికిచ్చారు. బాబాయి తిన్నాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"ఇంత బాగుంటుందేంట్రా?" అన్నాడు నా చెవిలో. మొక్కజొన్న బండివాడు ఉలిక్కిపడ్డాడు.

"బాగుంటుందని నువ్వే చెప్పేవాడివిగా?"

"చెప్పాను గాని తిన్నానా!"

చేప తిని ముల్లు కూడా చప్పరించాడు. వేరుశనగకాయలు తిని తల పట్టుకున్నాడు. సూపు బండివాడైతే జీపుని చూసి గరిటె పైకెత్తాడు. "ఎక్స్‌ప్రెస్ ఆగిందండోయ్!" అని వీధి వీధంతా వినపడేలా కేక పెట్టాడు. బెంచీ మీద కూర్చున్నాం. ఊగలేదు. సూపు తాగి బాబాయి కళ్లు మూసుకున్నాడు. రుచికి కాదు, భయానికి. బండి బండికీ ఆఫీసరు గారు "దీనికి ఇవ్వొచ్చు" అంటున్నారు. బండి బండికీ చోటు తరిగిపోతోంది.

చివరికి ఆయన బెల్టు వదులు చేసుకున్నారు. "ఇంక ఒక్కదానికే చోటుంది. ఇంకేమైనా ఉన్నాయా కండక్టరు గారూ?"

లేదంటే ఆ బండి పోయినట్టే. ఉందంటే, నిండిన కడుపుతో ఆ అట్ట కొరికించాలి. బాబాయి నా వంక చూశాడు. నేను రోడ్డు వంక చూశాను.

"డిపో గోడ దగ్గర ఒకటుంది సార్. చాలా దూరం. రేపు పొద్దున్నే, ఏమీ తినకుండా, నడుచుకుంటూ వెళ్తే..."

"జీపులో ఎంతసేపు?"

బాబాయికి అబద్ధం చెప్పడం రాదు. దారి పొడుగు చెయ్యడమే వచ్చు. "జీపులో... ఎంతండీ, అదిగో," అన్నాడు నీరసంగా.

డిపో గోడ దగ్గర దిగాం. ఆయన హోల్డాన్ అనలేదు. గొంతు లేవలేదు.

డ్రైవరు చెవి ఇటు తిప్పాడు. "జీపు దిగింది నువ్వేనట్రా కండక్టరూ? ఆ అడుగులేంటి, గాలిపోయిన టైరులా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందిరా. ఆఫీసరు గారొచ్చారు."

"ఒక్కటి వెయ్యమ్మా," అన్నారు ఆఫీసరు గారు. "ఒక్క ముక్కే తింటాను. అంతకు మించి దిగదు."

బాబాయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ గుడ్డు కొట్టింది. పెనం సుయ్యిమంది. డ్రైవరు కాస్త ముందుకి వంగాడు. సుయ్యిమనే చప్పుడు సన్నబడింది.

"రైట్," అన్నాడు డ్రైవరు. ఆవిడ తిప్పింది.

చప్పుడు మళ్లీ లేచి, మళ్లీ సన్నబడింది.

"హోల్డాన్." ఆవిడ తీసేసింది.

అప్పుడు తట్టింది నాకు. ఆయన మనసు బస్సులో లేదు. పెనం మీదుంది.

ఆఫీసరు గారు ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. నమలడం మొదలుపెట్టి ఆగారు. నా గుండె కూడా ఆగింది. ఆయన ఇంకో ముక్క తుంచారు. తర్వాత తుంచడం మానేసి కొరికారు. "ఇంకోటి వెయ్యమ్మా," అన్నారు.

"ఒక్క ముక్కే అన్నారు కద సార్," అన్నాను.

"అన్నాను. నువ్వు గుమాస్తావి. అన్నీ గుర్తుపెట్టుకోకు."

బాబాయి గోడ మీంచి చూపు తీసి ఇటు తిరిగాడు. "సార్, జాలిపడి తినక్కర్లేదు. వాళ్లు అలాంటివాళ్లు కారు."

"జాలా? మీరోటి తినండి ముందు!"

బాబాయి తీసుకున్నాడు. మొక్కజొన్నా చేపా కాయలూ సూపూ కడుపులో ఉండగా, జీపులో కూర్చుని వచ్చి, ఆకలన్నది మచ్చుకైనా లేకుండా, మొదటిసారి ఆ రొట్టె కొరికాడు. అంచు కరకరలాడింది. లోపల గుడ్డు మెత్తగా విడింది. ఉప్పు ఎక్కడా కనపడలేదు, అంతటా ఉంది.

"చెల్లెమ్మా!" అని అరిచాడు. గొంతు తిరిగొచ్చింది. డిపో గోడ మీది పావురాలు లేచిపోయాయి. "ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

ఆవిడ పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "చాన్నాళ్లయిందన్నయ్యా."

"పెనం కూడా ఇంజనేరా," అన్నాడు డ్రైవరు. "చప్పుడు వింటే ఎప్పుడు గేరు మార్చాలో తెలుస్తుంది. మొదట్లో ఉక్రోషంతో గోడ చూస్తూ కూర్చున్నాను. తర్వాత, మాడు వాసన నేనూ భరించాలి కదా అని ఇటు తిరిగాను."

"మరి నాకు చెప్పలేదేం? జనం వస్తున్నారా అసలు?"

ఆవిడ జవాబు చెప్పేలోగా గోడ అవతల్నించి ఒక గొంతు వినపడింది. "అమ్మా, కండక్టరు గారు వెళ్లారా? ఇంకెంతసేపు ఇక్కడ నిలబడాలి?"

పక్కింటి ప్లీడరు గారు చేతిలో సగం తిన్న రొట్టెతో మలుపు తిరిగి వచ్చారు. వెనకాల పిన్ని తమ్ముడు. బూట్లు కాళ్లకే ఉన్నాయి. వాళ్ల వెనకాల ఇంకా చాలామంది. అందరూ ఏదో ఒకప్పుడు బాబాయి నడిపించినవాళ్లే. అందరూ వాళ్లంతట వాళ్లు బస్సెక్కి వచ్చినవాళ్లే.

"మీరొచ్చే వేళకి వీళ్లని కాస్త గోడ వెనక్కి వెళ్లమంటాం అన్నయ్యా," అంది ఆవిడ. "ఇక్కడ జనాన్ని చూస్తే మీరింక రావడం మానేస్తారని. వదినగారు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. 'తన కోసమైతే ఆయన గుమ్మం దాటడు. మీ కోసమైతే ఊరు దాటతాడు. డాక్టరు నడవమన్నాడు. రొట్టె బాగుపడిన సంగతి మాత్రం చెప్పకమ్మా' అన్నారు."

బాబాయి రొట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బిస్కెట్ల డబ్బా మూత చప్పుడు నా చెవుల్లో మోగింది.

"అంటే... ఊరందర్నీ నేను నడిపిస్తున్నాననుకుంటే, నన్ను మీరు నడిపిస్తున్నారన్నమాట."

"బస్సు నడిపేది ఎప్పుడూ డ్రైవరే కదరా," అన్నాడు డ్రైవరు. "నువ్వు టిక్కెట్లు కొట్టుకో." పాం పాం అని హారన్ నొక్కాడు.

ముందు ప్లీడరు గారు నవ్వారు. తర్వాత ఆఫీసరు గారు, ఎందుకో తెలియకపోయినా, నవ్వారు. బాబాయి కాసేపు మూతి ముడుచుకోవాలని చూశాడు. నోట్లో రొట్టె ఉండడం వల్ల కుదరలేదు.

చివరి చోటు వాళ్లకే వచ్చింది. "ఇది గేటు దగ్గరే పెట్టాలి. ఈ వాసనకే జనం లోపలికొస్తారు," అన్నారు ఆఫీసరు గారు. గేటంటే మా ఇంటి మలుపే. మేడ మీంచి చూస్తే పెనం కనపడుతుంది.

అందరూ గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకున్నారు. పిన్ని మాత్రం పీల్చుకోలేదు. "ఇంటి ముందుకే వచ్చేసింది. ఇంక ఈయనేం నడుస్తాడు, నా మొహం," అని అల్మరా ముందు దిగాలుగా కూర్చుంది.

కొత్త చోటు తెరిచిన వారంలోనే డాక్టరు గారు మా ఇంటికి వచ్చారు. షుగరు అదుపులో ఉందని, తన చీటీ అంత బాగా పాటించిన రోగిని తను చూడలేదని మెచ్చుకున్నారు. బాబాయి కుర్చీ కాలు కనపడకుండా జరిగి కూర్చున్నాడు.

"ఇంత దూరం వచ్చారు. రండి డాక్టరు గారూ, ఏమైనా తినిపిస్తాను."

"పొద్దుట్నుంచి ఏమీ తినలేదండీ. పదండి."

నేనూ వెంట వెళ్లాను. మలుపు తిరగ్గానే పెనం సుయ్యిమంది. "రైట్" అన్నాడు డ్రైవరు. అంచు ఎర్రగా వేగుతున్న వాసన వీధంతా కమ్ముకుంది. డాక్టరు గారు ఆగిపోయి చెయ్యి చాపారు.

బాబాయి ఆ చేతిని మెల్లిగా కిందికి దించాడు.

"ఇక్కడే," అన్నాడు. "కానీ ఇప్పుడే కాదు. ముందు డిపో గోడ దాకా వెళ్లొద్దాం."

"డిపో దాకానా! అక్కడేముంది?"

"ఏమీ లేదు. గోడ."

"నడిచా? నాకసలు అలవాటు లేదండీ!"

"నడిస్తే మంచిదటండీ. ఎవరో డాక్టరు చెప్పాడు."

వెనక నుంచి డ్రైవరు గొంతు వినపడింది. "రైట్... రైట్!" పాం పాం. డాక్టరు గారి భుజం మీద చెయ్యి వేసి బాబాయి ముందుకి కదిలాడు.

వెనక్కి తిరిగి చూశాను. మేడ మీద కిటికీలో పిన్ని నవ్వుతోంది. చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది. మూత గట్టిగా నొక్కింది.